వేసవి శిబిరంలో సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ: న్యాయంగా పంచడం ఎలా?

మార్చి నెలాఖరుకే ఫోన్లు మొదలవుతాయి. "ఈసారి క్యాంపు ఎప్పుడు పెడుతున్నారు? మావాడి పేరు రాసుకోండి" అని. ఊళ్లోని గ్రంథాలయంలోనో, కాలనీ కమ్యూనిటీ హాల్లోనో, ప్రభుత్వ పాఠశాల గదుల్లోనో పదిమంది కలిసి జీతం లేకుండా నడిపే పిల్లల శిబిరాలకు గిరాకీ ఎప్పుడూ ఉండేదే. ఏప్రిల్ చివరి వారంలో మూసిన బడులు మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలో. అన్ని వారాలు పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తెలియని తల్లిదండ్రులు ఊరంతా ఉంటారు. మీ దగ్గర ఉన్న చోటు ఏ నలభై యాభై మందికో సరిపోతుంది. అడిగేవాళ్లు అంతకు రెండింతలు.

బొమ్మలు వేయించడం, పాటలు నేర్పించడం, మధ్యాహ్నం మజ్జిగ ఏర్పాటు చేయడం పెద్ద పనులుగానూ, సీట్లు పంచడం చిన్న పనిగానూ కనిపిస్తాయి. కానీ ఊళ్లో శిబిరానికి పేరు రావడమైనా, పోవడమైనా ఈ పంపకం దగ్గరే జరుగుతుంది. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది: పిల్లల పేర్లు చేతికి అందకముందే నియమాలన్నీ కాగితం మీదికి రావాలి, వచ్చాక ఎవరి పేరు చూసీ వాటిని మార్చకూడదు. నేను సూచించే పద్ధతి అందరి ముందూ చీటీలు వేసి డ్రా తీయడం. దాన్ని ఆచరణలో పెట్టడం ఎలాగో వరుసగా చెబుతాను.

ముందు సీట్ల లెక్క తేల్చండి

గదిలో ఎంతమంది పడతారని చూస్తే లెక్క తప్పుతుంది. ఎంతమందిని కనిపెట్టుకుని ఉండగలరో చూడాలి. బ్రిటన్‌లో పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్‌ఎస్‌పీసీసీ అనే సంస్థ సూచించే లెక్క మనకూ పనికొస్తుంది. 4 నుంచి 8 ఏళ్ల పిల్లలైతే ఆరుగురికి ఒక పెద్ద, 9 నుంచి 12 ఏళ్లవారైతే ఎనిమిది మందికి ఒకరు, 13 దాటినవారైతే పది మందికి ఒకరు. పిల్లలు ఎంత తక్కువగా ఉన్నా ఇద్దరు పెద్దలైనా ఉండాలని కూడా ఆ సంస్థ చెబుతుంది.

మీకు మూడు గదులున్నాయి, పిల్లలు 9–12 ఏళ్లవారు అనుకుందాం. గదికి ఇద్దరు పెద్దలు, పదహారు మంది పిల్లలు. మొత్తం 48 సీట్లు. గదుల్లో ఆరుగురు, గేటు చూసుకోవడానికి, మోకాలు గీరుకున్నవాడికి మందు రాయడానికి మరొకరు. అంటే రోజుకు ఏడుగురు కావాలి. పేర్లు ఇచ్చినవాళ్లు సరిగ్గా ఏడుగురే ఉంటే 48 అని ప్రకటించకండి. మే నెలంటే పెళ్లిళ్లు, ప్రయాణాలు, వడదెబ్బ అన్నీ ఉంటాయి. పది మంది ఖాయంగా ఉంటే రోజూ ఏడుగురు తేలతారు. అంతమంది లేకపోతే ఒక గది మూసేసి 32 సీట్లే పెట్టండి.

అంకె ప్రకటించాక "ఇంకొక్కడే కదా, సర్దుకోలేమా" అన్న మాటకు చోటివ్వకండి. ఆ ఒక్కడు ఎప్పుడూ మనకు తెలిసినవారి పిల్లవాడే అవుతాడు. ఎవరికీ తెలియని ఇంటి పిల్లవాడి కోసం ఆ మాట అడిగేవారు ఉండరు.

48లో ఒక సీటును మాత్రం పక్కన పెట్టండి. అది మీ పొరపాటు కోసం. ఎవరి ఫారమో ఫైల్లో ఇరుక్కుపోయి చీటీల్లో కలవలేదని తర్వాత బయటపడితే, డ్రా మొత్తం రద్దు చేయనక్కర లేకుండా ఆ బిడ్డకు ఈ సీటు ఇవ్వవచ్చు. పొరపాటేదీ జరగకపోతే శిబిరానికి వారం ముందు నిరీక్షణ జాబితాలో మొదట ఉన్నవారికి ఇచ్చేయండి.

వాలంటీర్ల పిల్లల సంగతి బయటకు చెప్పండి

చాలా చోట్ల ఎవరూ నోరు విప్పి మాట్లాడని విషయం ఇది. రోజంతా శిబిరంలో పనిచేసే తల్లి తన బిడ్డను ఇంట్లో ఒంటరిగా వదిలి రాలేదు. బిడ్డకు చోటు లేదంటే ఆమె రాదు. ఆమె చూసుకునే ఎనిమిది మంది సీట్లూ దాంతోపాటే పోతాయి. కాబట్టి వాలంటీర్ల పిల్లలకు డ్రా లేకుండా సీటు ఇవ్వడం తప్పు కాదు. దాచిపెట్టి ఇవ్వడం తప్పు.

హద్దులు గీసి ఇవ్వండి. శిబిరం జరిగే రోజులన్నీ పనిచేస్తామని మాట ఇచ్చినవారి సొంత పిల్లలకే ఆ అవకాశం. అన్న కూతురు, తోడికోడలి కొడుకు, పక్కింటి బాబు అందరితో పాటు చీటీల్లోనే. మొత్తం మీద ఐదు సీట్లు మించకూడదు. అంతకు మించి పిల్లలుంటే వాళ్ల మధ్య వాళ్లకే ముందుగా చీటీలు వేయాలి. ఏ పిల్లా తన తల్లి లేదా తండ్రి చూసుకునే గదిలో ఉండకూడదు. ఈ ఐదు వాక్యాలూ దరఖాస్తు ఫారం మీదే అచ్చు వేయించండి. "వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదు" అన్న సామెత ఊళ్లో అందరికీ తెలుసు. ఎంతవరకు వడ్డించుకుంటున్నారో మీరే ముందుగా చెబితే తర్వాత గుసగుసలకు తావుండదు.

"ముందు వచ్చినవారికే సీటు" అనే పద్ధతి వద్దు

ఇది అందరికీ సమానంగా కనిపిస్తుంది, నడపడమూ తేలిక. అందుకే ఎక్కువమంది దీన్నే ఎంచుకుంటారు. ఒక్కసారి దగ్గరగా చూడండి. ఉదయం పది గంటలకు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫారం లింకు పెట్టారు. ఆఫీసులో కంప్యూటర్ ముందున్న తండ్రి రెండు నిమిషాల్లో నింపేస్తాడు. తెల్లవారుజామునే ఉపాధి హామీ పనికి వెళ్లిన తల్లి అప్పటికి చెరువు గట్టు మీద మట్టి మోస్తూ ఉంటుంది. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను పెద్దకొడుకు జేబులో ఉంటుంది. అసలు ఆ గ్రూపులో ఆమె నంబరే లేదు. పదిన్నరకు సీట్లు అయిపోయాయి. ఎవరూ మోసం చేయలేదు, అయినా ఎవరికి దక్కాలో ఫోను చేతిలో ఉన్నవాళ్లు తేల్చేశారు.

తిరుమల టికెట్లు ప్రయత్నించినవారికి ఈ తేడా అనుభవమే. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు విడుదలైన కాసేపటికే అయిపోతాయి. వేగంగా నొక్కినవారికి దొరుకుతాయి. సుప్రభాతం, తోమాల, అర్చన లాంటి ఆర్జిత సేవలకు దేవస్థానం నమోదుకు గడువు ఇచ్చి, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ డిప్, అంటే కంప్యూటర్ లాటరీ తీస్తుంది. గడువు మొదట్లో పేరు ఇచ్చినా చివర్లో ఇచ్చినా అవకాశం ఒక్కటే. మీరు అనుసరించాల్సింది ఆ రెండో దారి. పది పన్నెండు రోజుల గడువు పెట్టండి. మొదటి రోజు వచ్చిన ఫారానికీ, చివరి సాయంత్రం వచ్చిన ఫారానికీ ఒకే విలువ ఉంటుందని ఫారం మీద పెద్ద అక్షరాలతో రాయండి.

మార్కులు చూసి, బొమ్మ వేయించి, "శిబిరానికి ఎందుకు రావాలనుకుంటున్నావు" అని పేరా రాయించి ఎంపిక చేసే పద్ధతీ వద్దు. ఆ పేరా ఎవరింట్లో అమ్మానాన్నలు రాసిపెడతారో మనకు తెలియనిది కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడుల్లో ప్రవేశానికి వడపోత పరీక్షలను నిషేధించింది. ఒక బిడ్డను కాదని ఇంకొక బిడ్డను తీసుకునే పద్ధతి యాదృచ్ఛికం కాకపోతే, అంటే చీటీలు వేసినట్టు కాకపోతే, అది వడపోతే అని నిర్వచించింది. ఆ తప్పు చేసిన బడికి మొదటిసారి 25 వేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా. ఆ చట్టం మన శిబిరాలకు వర్తించదు. అందులోని ఆలోచన మాత్రం తీసుకోదగ్గది. ఎనిమిదేళ్ల పిల్లను తూకం వేసి నువ్వు తక్కువని చెప్పే హక్కు ఎవరికీ లేదు. చీటీ తీస్తే ఆ మాట చెప్పాల్సిన అవసరమే రాదు.

అవసరం ఎక్కువ ఉన్నవారికి కొన్ని సీట్లు కేటాయించండి, తీసే వరుస గమనించండి

ఒట్టి లాటరీ అందరినీ సమానంగా చూస్తుంది. అందరి పరిస్థితీ సమానం కాదు కాబట్టి కొన్ని సీట్లు విడిగా ఉంచడం మంచిది. పగలంతా ఇంట్లో పెద్దవాళ్లు ఉండని పిల్లలు, కూలి పనులకు వెళ్లే ఇళ్ల పిల్లలు, తల్లి లేదా తండ్రి లేని పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో బలహీన వర్గాల పిల్లలకు 25 శాతం సీట్లు ఉంచమంటుంది. 48లో అది 12. మంచి కొలతే.

సర్టిఫికెట్లు అడగకండి. ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం మీ సేవా కేంద్రం చుట్టూ తిరగాలంటే ఆ తల్లి ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. బడి ప్రధానోపాధ్యాయుడో, అంగన్‌వాడీ టీచరో, ఆశా కార్యకర్తో "అవును, ఈ ఇంటి పరిస్థితి నాకు తెలుసు" అంటే చాలు. ఎవరు ఏ కోటాలో వచ్చారన్నది ఇద్దరు కార్యకర్తలకు తప్ప ఎవరికీ తెలియకూడదు. జాబితాలో, బ్యాడ్జీలో, హాజరు పట్టీలో ఎక్కడా గుర్తు కనిపించకూడదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. కోటా చీటీలు ముందు తీయాలా, అందరి చీటీలూ ముందు తీయాలా? రెండూ ఒకటేనని అనిపిస్తుంది, కానీ ఫలితం చాలా మారుతుంది. లెక్క చూడండి. పొరపాటు సీటు ఒకటి, వాలంటీర్ల పిల్లలకు ఐదు తీసేస్తే మిగిలేవి 42. అందులో కోటా 12, అందరికీ 30. దరఖాస్తులు వంద వచ్చాయి, వాటిలో కోటాకు అర్హులు 20 మంది.

కోటా ముందు తీస్తే ఆ 20 మందిలో 12 మందికి సీట్లు వస్తాయి. మిగిలిన ఎనిమిది మంది తక్కిన 80 మందితో కలిసి 30 సీట్ల కోసం చీటీల్లో ఉంటారు. సగటున వాళ్లలో ఇంచుమించు ముగ్గురికి వస్తాయి. మొత్తం 15. అదే అందరి చీటీలూ ముందు తీస్తే, వందలో 30 తీసినప్పుడు అర్హులైన 20 మందిలో సగటున ఆరుగురికి అక్కడే సీట్లు వచ్చేస్తాయి. మిగిలిన 14 మందికి కోటాలో 12 సీట్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. మొత్తం 18. ఉద్యోగాల్లో, కళాశాల సీట్లలో ఓపెన్ కేటగిరీ ముందు నింపి తర్వాత రిజర్వేషన్ సీట్లు నింపడం వెనక ఉన్న లెక్క ఇదే. కోటా నిజంగా అదనపు సాయం కావాలనుకుంటే అందరి చీటీలూ ముందు తీయండి. నేనైతే అదే చేయమంటాను. ఏది చేసినా ముందే రాసి పెట్టండి.

ఫారం ఎవరి దాకా వెళ్లిందో చూసుకోండి

డ్రా ఎంత నిజాయితీగా తీసినా, కబురు అందని ఇంటి పిల్లకు చీటీయే ఉండదు. బడులు ఏప్రిల్ మూడో వారం దాటితే మూతపడతాయి కాబట్టి ఫారాలు ఏప్రిల్ మొదటి వారానికే తరగతి గదుల్లోకి వెళ్లాలి. రేషన్ దుకాణం, అంగన్‌వాడీ కేంద్రం, పాల కేంద్రం, కుట్టు మిషన్ల దుకాణం దగ్గర కాగితం అంటించండి. ఫోన్లో నింపేవారికి లింకు, రాయడం రానివారికి ఒక ఫోను నంబరు. ఆ నంబరుకు రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు ఎవరో ఒకరు తప్పక పలకాలి. పనికి వెళ్లేవారు మాట్లాడగలిగేది అప్పుడే.

ఫారంలో అడగాల్సినవి చాలా తక్కువ: బిడ్డ పేరు, వయసు, తల్లి లేదా తండ్రి పేరు, రెండు ఫోను నంబర్లు, తోబుట్టువులు ఎవరైనా దరఖాస్తు చేస్తున్నారా, కోటాలో చూడమంటారా. కులం, మార్కులు, బడి ఫీజు అడగకండి. ఆరోగ్య వివరాలు, వైకల్యానికి కావాల్సిన ఏర్పాట్లు డ్రా అయ్యాక ఫోను చేసి అడగండి. ముందే అడిగితే ఆ బిడ్డను చూసుకోవడం కష్టమన్న ఆలోచన ఎవరి మనసులోనైనా మెదలవచ్చు. కోటాలో చూడమన్నవారి విషయంలో వైకల్యం ఉందన్న సంగతి వరకు మీకు తెలిస్తే సరిపోతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. సమ్మతి వాక్యం ఒకటి రాసి కింద సంతకమో వేలిముద్రో తీసుకోండి.

గడువు సగం గడిచాక ఫారాలు ముందేసుకుని చూడండి. అన్నీ రెండు వీధుల నుంచే వచ్చాయా? ఆడపిల్లల ఫారాలు తక్కువగా ఉన్నాయా? ఆడపిల్లలు తక్కువైతే కారణం తరచూ సమయమే. సాయంత్రం ఆరుకు వదిలే శిబిరానికి కూతుర్ని పంపడానికి చాలామంది జంకుతారు. నాలుగుకే వదిలేస్తామని, వీధి చివరి దాకా ఒక అక్క తోడు వస్తుందని చెప్పి చూడండి, ఫారాలు వస్తాయి. ఈ పని కోటాతో జరగదు, కాళ్లరిగేలా తిరగాల్సిందే.

చీటీ ఇంటికి ఒకటి

అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లను విడదీయడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకని కొందరు పిల్లకో చీటీ వేసి, ఒకరికి వస్తే తోబుట్టువునూ తీసుకుంటారు. దయగా కనిపించే ఈ నియమం ఒక్క బిడ్డ ఉన్న ఇంటికి అన్యాయం చేస్తుంది. ఒక చీటీకి వందలో 30 వంతుల అవకాశం ఉంటే, రెండు చీటీల్లో ఏది వచ్చినా సరిపోయే ఇంటికి 51 వంతులు అవుతుంది.

సరైన పద్ధతి: ఇంటికి ఒకే చీటీ, దాని మీద ఎంతమంది పిల్లలో అంకె. చీటీ వస్తే అందరికీ వస్తుంది, రాకపోతే ఎవరికీ రాదు. చివరకు ఒకే సీటు మిగిలి, ఇద్దరు పిల్లలున్న చీటీ వస్తే దాన్ని నిరీక్షణ జాబితాలో మొదట పెట్టి, ఆ సీటు తర్వాత వచ్చే ఒక్క బిడ్డ చీటీకి ఇవ్వండి. తల్లిదండ్రులు వేరువేరుగా ఉన్న ఇళ్లు, తాత దగ్గర పెరిగే పిల్లలు ఉంటారు. బిడ్డ ఏ ఇంట్లో పడుకుంటుందో అదే ఆమె ఇల్లు అని తీసుకోండి.

స్నేహితుల్ని కలిపి వేయమని అడుగుతారు. నేను ఒప్పుకోవద్దంటాను. జతగా రాగలిగేవాళ్లు ఇప్పటికే ఒకరికొకరు తెలిసినవాళ్లు. ఊళ్లోకి కొత్తగా వచ్చిన పిల్లకు జత ఎవరుంటారు?

కిందటి ఏడాది చీటీ రానివారికి ఈసారి రెండు చీటీలు వేయడం మంచి అలవాటు. వరుసగా రెండేళ్లు రాని పిల్లలు తగ్గుతారు. నిరుటి జాబితా భద్రంగా ఉంటేనే ఇది సాధ్యం.

డ్రా రోజు

ఆదివారం సాయంత్రం పెట్టండి. ముందు రోజే చీటీల నంబర్ల జాబితా గోడకు అంటించాలి. పేర్లు వద్దు, ఫారం ఇచ్చినప్పుడు రసీదు మీద రాసి ఇచ్చిన నంబర్లు చాలు. ఎవరి నంబరు లేదో వాళ్లు డ్రాకు ముందే వచ్చి చెబుతారు.

చీటీలన్నీ ఒకే కాగితం నుంచి ఒకే కొలతలో కత్తిరించి, ఒకేలా నాలుగు మడతలు పెట్టండి. మూతి వెడల్పుగా ఉన్న స్టీలు బిందె తీసుకోండి. మూతి ఇరుకైతే పైన ఉన్నవే మళ్లీ మళ్లీ చేతికి తగులుతాయి. కలపడం మీద శ్రద్ధ పెట్టండి. ఇది పైపై పని అనుకుంటే ఏమవుతుందో అమెరికా చూసింది. 1969 డిసెంబరు 1న వియత్నాం యుద్ధానికి యువకులను పిలిచే వరుస తేల్చడానికి ఏడాదిలోని 366 తేదీలను బిళ్లల్లో పెట్టి లాటరీ తీశారు. నెలల వరుసలో పోసిన బిళ్లలు సరిగ్గా కలవలేదు. ఏడాది చివరి నెలల్లో పుట్టినవారి తేదీలు ముందు ముందే వచ్చాయి. డిసెంబరులో పుట్టినవారిపై ఎక్కువ దెబ్బ పడింది. ప్రాణాల మీదికి వచ్చే డ్రాలోనే అలా జరిగింది. కాబట్టి చీటీలు నంబరు వరుసలో పోయకండి. నేల మీద దుప్పటి పరిచి అన్నీ కుప్ప పోసి, రెండు చేతులతో తిరగేసి మరగేసి, తర్వాత బిందెలో వేసి మళ్లీ కలపండి. కలిపే పని వచ్చిన తల్లిదండ్రుల్లో ఒకరికి అప్పగించండి.

తీసే చేయి చిన్నపిల్లదై ఉండాలి. దరఖాస్తు చేయని ఇంటి పిల్లైతే మంచిది. మన పొరుగున తమిళనాడులోని ఉత్తరమేరూరు గుడి గోడల మీద పదో శతాబ్దపు చోళుల శాసనాలున్నాయి. ఊరి సభ కమిటీలకు సభ్యులను ఎన్నుకోవడానికి తాటాకుల మీద పేర్లు రాసి కుండలో వేసి, లోపల ఏముందో తెలియని పిల్లవాడిచేత అందరి ముందూ తీయించాలని అందులో ఉంది. వెయ్యేళ్ల కిందటి ఆ ఏర్పాటు ఇప్పటికీ చెల్లుతుంది. పాప చేయి భుజం దాకా బిందెలోకి వెళ్తుంది. చీటీ తీసి, విప్పకుండా పక్కనున్న పెద్దాయనకు ఇస్తుంది. ఆయన విప్పి అందరికీ చూపించి, నంబరు గట్టిగా చదువుతాడు. ఒకరు నల్లబల్ల మీద, ఒకరు పుస్తకంలో రాస్తారు. ఇద్దరి వరుసా చివర్లో పోల్చి చూస్తారు. మొత్తం ఫోన్లో వీడియో తీయించండి.

సీట్లు నిండగానే ఆపవద్దు. బిందెలో చివరి చీటీ దాకా తీయండి. ప్రతి ఇంటికీ ఒక వరుస సంఖ్య వస్తుంది. అదే మీ నిరీక్షణ జాబితా, దానికి వేరే నియమాలు అక్కర్లేదు. ఇది చేయకపోతే ఖాళీ వచ్చిన ప్రతిసారీ ఎవర్ని పిలవాలన్న ప్రశ్న మళ్లీ మీ మొహమాటం మీదికే వస్తుంది.

దరఖాస్తులు మూడు నాలుగు వందలు దాటితే కంప్యూటర్ వాడాల్సి రావచ్చు. అప్పుడు జాగ్రత్త. ఎక్సెల్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు షీటులో ఏది మార్చినా, F9 మీట నొక్కినా మారిపోతాయి. నచ్చిన వరుస వచ్చేదాకా నొక్కవచ్చు, మీరు నొక్కకపోయినా నొక్కారని ఎవరైనా అనవచ్చు. ప్రొజెక్టరు మీద అందరూ చూస్తుండగా ఒకే ఒక్కసారి నొక్కి, వచ్చిన సంఖ్యల్ని అక్కడికక్కడే స్థిరపరిచి, ప్రింటు తీసి సాక్షులతో సంతకాలు చేయించండి.

శిబిరంలో బొమ్మలు, నాటకం, చెస్, విజ్ఞాన ప్రయోగాలు ఇలా వేరువేరు బృందాలుంటే ఇంకో డ్రా అక్కర్లేదు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) వెబ్ ఆప్షన్లు గుర్తు చేసుకోండి. పిల్లలచేత ఇష్టాలను వరుసగా రాయించుకుని, ర్యాంకుకు బదులు చీటీ వరుస వాడండి. ముందున్న బిడ్డకు ఆమె మొదటి ఇష్టం, అది నిండితే రెండోది. ఈ ఇష్టాలు తల్లిదండ్రులు కాకుండా పిల్లలే రాసేలా చూడండి.

సిఫార్సులు వచ్చినప్పుడు

తప్పకుండా వస్తాయి. హాలు ఇప్పించిన కౌన్సిలరు, మజ్జిగకు డబ్బిచ్చిన దుకాణదారు, మీ సొంత మేనత్త. విరాళం తీసుకునేటప్పుడే చెప్పండి, దానికీ సీట్లకూ సంబంధం ఉండదని. తర్వాత చెబితే నొచ్చుకుంటారు. ఫోను వచ్చినప్పుడు ఏం అనాలో కార్యకర్తలందరూ ఒకే మాట అనుకోవాలి. ఇలా ఉండవచ్చు:

"అన్నా, మా బావమరిది కూతురు. ఒక్క సీటు చూడు."

"తప్పకుండా ఫారం ఇప్పించన్నా, గురువారం దాకా గడువుంది. సీటు ఇవ్వడం నా చేతిలో లేదు, చీటీ తీసే పాప చేతిలో ఉంది. ఆదివారం నువ్వే వచ్చి ముందు వరుసలో కూర్చో."

ఈ జవాబులో కాదనడం లేదు, కోపం లేదు. నియమాలు ముందే అచ్చయి ఉన్నాయి కాబట్టి మీరు ఎవరి ముఖమూ చూడాల్సిన పని లేదు. ముఖం చూసి బొట్టు పెట్టే అలవాటు ఒక్కసారి మొదలైతే, మరుసటి ఏడాది ఫారం నింపేవారి కంటే ఫోను చేసేవారే ఎక్కువవుతారు. అధ్యక్షుడి దగ్గర "విచక్షణ సీట్లు" ఉంచుకునే శిబిరాలున్నాయి. వాటిని పూర్తిగా తీసేయండి. నిజంగా అత్యవసరమైన బిడ్డ ఉంటే కోటాలో చోటుంది.

కబురు చెప్పడం, ఖాళీలు నింపడం

సీటు వచ్చినవారికీ రానివారికీ ఒకే రోజు చెప్పండి. రానివారికి పంపే సందేశాన్ని తల్లి బిడ్డకు చదివి వినిపిస్తుందని గుర్తుంచుకుని రాయండి. ఉదాహరణకు: "శిబిరంలో 48 మందికే చోటుంది. దానికి మించి పిల్లలు పేర్లు ఇచ్చారు. అందరి పేర్లతో చీటీలు వేసి తీశాం. మీ చీటీ 57వ వరుసలో వచ్చింది. ఖాళీ వస్తే వరుసలో పిలుస్తాం. మే 5 లోపు పిలుపు రాకపోతే ఈ ఏడాదికి చోటు లేనట్టే. వచ్చే ఏడాది మీకు రెండు చీటీలు." ఎన్నో వరుసో నిజంగా చెబితే ఆశ పెట్టుకోవాలో, పిల్లను అమ్మమ్మగారి ఊరు పంపాలో ఆ ఇల్లు తేల్చుకుంటుంది.

ఉచిత శిబిరాల్లో పేరు ఇచ్చి రాని పిల్లలు కొందరు ఎప్పుడూ ఉంటారు. దీనికి మందుగా కొందరు తిరిగిచ్చే డిపాజిట్టు పెడతారు. రెండు వందలైనా కొన్ని ఇళ్లకు అది అడ్డుగోడే. డబ్బుకు బదులు మాట తీసుకోండి. శిబిరానికి వారం ముందు ప్రతి ఇంటికీ ఫోను చేసి "వస్తున్నారా?" అని అడగండి. పలకకపోతే రెండో నంబరుకు, అదీ కాకపోతే రాత్రి వేళ మళ్లీ, ఆ తర్వాత ఒకరు ఇంటికి వెళ్లి రావాలి. ఒక్క మిస్డ్ కాల్‌తో సీటు తీసేయకండి. రీచార్జి అయిపోయిన ఫోన్లు ఉన్న ఇళ్లే ముందుగా నష్టపోతాయి.

శిబిరం మొదలయ్యాక, కబురు లేకుండా రెండు రోజులు రాని బిడ్డ సీటు జాబితాలో తర్వాతివారికి వెళ్తుందని ఫారంలోనే ఉండాలి. మూడో రోజు ఉదయమే పిలవండి. పిలుపు అందుకున్నవారికి ఒక పూట గడువు ఇవ్వండి. మూడో రోజు నుంచి వచ్చే పిల్లకు తోడుగా ఉండడానికి గదిలో ఒక పిల్లను ముందే నియమిస్తే ఆమె త్వరగా కలిసిపోతుంది.

ఫిర్యాదులకు ఒక ఫోను నంబరు, మూడు రోజుల గడువు చాలు. వినాల్సింది పద్ధతిలో జరిగిన లోపాల గురించి: చీటీ కలవలేదు, వయసు తప్పు రాశారు, తోబుట్టువు పేరు వదిలేశారు. "మా పాప చాలా బాగా బొమ్మలు వేస్తుంది" అన్నది ఓపిగ్గా వినండి, సీటు మాత్రం మార్చకండి.

శిబిరం ముగిసిన వారంలోనే ఒక పేజీ రాసి పెట్టుకోండి. ఎన్ని దరఖాస్తులు, ఏ వీధుల నుంచి, ఎవరు ఎందుకు మానేశారు, జాబితాలో ఎన్నో సంఖ్య దాకా పిలవగలిగారు. చీటీ రాని ఇళ్ల పేర్లూ నంబర్లూ తల్లిదండ్రుల అనుమతితో వచ్చే మార్చి దాకా ఒకరి దగ్గరే భద్రంగా ఉంచి, మిగతా ఫారాలన్నీ చింపేయండి. మార్చి రాగానే మొదటి ఫోన్లు మీరే ఆ ఇళ్లకు చేయండి.